భక్తపూర్ చెక్కపని మ్యూజియం: ఏ వరుసలో చూడాలి, ఎక్కడ ఆగాలి, ఏం వదిలేయాలి

ఖాట్మండు వెళ్లొచ్చిన వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "భక్తపూర్‌లో చెక్క మ్యూజియం చూశాం, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, అన్నీ ఒకేలా ఉన్నాయి." అది నిజమే. గదులు చిన్నవి, వెలుతురు తక్కువ, వివరాల బోర్డులు అంతంతమాత్రం. నేరుగా లోపలికి వెళ్లి గోడ వెంబడి నడుచుకుంటూ వస్తే అంతకంటే ఎక్కువసేపు పట్టదు. అక్కడ అసలు ప్రదర్శన గదుల్లో పెట్టిన ముక్కలు కావు, ఆ భవనమే. కాబట్టి చూసే వరుస మార్చాలి. వెళ్లేవాళ్లు ఎప్పుడూ అడుగుతుంటారని ఆ వరుసంతా ఇక్కడ రాస్తున్నాను.

1. రోజు, టికెట్, కాగితాలు

మ్యూజియం పూజారి మఠం అనే పాత మఠంలో ఉంది. భక్తపూర్ పాత ఊరికి తూర్పు కొసన, దత్తాత్రేయ గుడి ఉన్న చౌరస్తాలో. ఆ చోటుని స్థానికులు తచపాల్ అంటారు. బోర్డు మీద 'రాష్ట్రీయ కాష్ఠకళా సంగ్రహాలయ' అని ఉంటుంది కానీ దారి అడిగేటప్పుడు అంత పొడుగు పేరు అక్కర్లేదు, 'పూజారి మఠ్' అంటే చాలు. హిందీ వచ్చినవాళ్లకు మాట్లాడటానికి ఇబ్బందే ఉండదు.

మంగళవారం సెలవు. ప్రభుత్వ సెలవుల్లోనూ, దసరా రోజుల్లోనూ మూసి ఉంటుంది. చలికాలంలో త్వరగా కట్టేస్తారు, పైగా మూసే సమయానికి చాలాముందే టికెట్లు ఇవ్వడం ఆపేస్తారు. అందుకే ఉదయం పెట్టుకోండి, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్దాంలే అనుకుంటే తలుపులు మూశాక చేరతారు. ఏప్రిల్ మధ్యలో నేపాలీ కొత్త సంవత్సరానికి బిస్కెట్ జాత్ర జరుగుతుంది. రథం లాగడం చూడాలనుకుంటే ఆ రోజుల్లో వెళ్లాల్సిందే, చెక్కపని తీరిగ్గా చూడాలనుకుంటే మాత్రం ఆ వారం వద్దు.

టికెట్లు రెండు రకాలు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒకటి ఊళ్లోకి వచ్చినందుకు పాత ఊరి ప్రవేశాల దగ్గర తీసుకునేది. రెండోది మ్యూజియంది, ఇది వేరు. సార్క్ దేశాల వాళ్లకు (మన దేశమూ అందులోదే) రెండింట్లోనూ తక్కువ ధర ఉంటుంది, గుర్తింపు కార్డు చూపిస్తేనే. మ్యూజియం టికెట్ పారేయకండి, అదే టికెట్‌తో ఎదురుగా ఉన్న ఇత్తడి–కంచు మ్యూజియం, దర్బార్ స్క్వేర్‌లోని (పాత రాజభవనం ముందున్న చౌరస్తా) జాతీయ కళా మ్యూజియం కూడా చూడొచ్చు. కెమెరాకు వేరే రుసుము ఉంటే అది కూడా కౌంటర్ దగ్గరే అడిగేయండి, లోపలికెళ్లాక గార్డుతో వాదన ఎందుకు.

భారత పౌరులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ తప్పనిసరి. ఆధార్ ఉందిగా అని బయలుదేరి ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 15 ఏళ్ల లోపు, 65 ఏళ్లు పైబడిన వాళ్లకు మాత్రమే ఆధార్‌లాంటి ఇతర ఫొటో కార్డులు చెల్లుతాయి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే తెలుగువాళ్లు తమ పాస్‌పోర్ట్ ఏ దేశానిదైతే ఆ లెక్కే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. మన రూపాయి 1.60 నేపాలీ రూపాయలకు స్థిరంగా కట్టి ఉంటుంది, కాబట్టి లెక్క సులువే, అయినా కౌంటర్ల దగ్గర ఇవ్వడానికి నేపాలీ చిల్లర దగ్గర ఉంచుకోండి.

2. బ్యాగులో ఏముండాలి

☐ చిన్న టార్చి (ఫోన్ టార్చి కూడా పనికొస్తుంది, కానీ బ్యాటరీ ఫొటోలకు మిగలాలి)
☐ చిన్న బైనాక్యులర్, ఉంటే. గుడుల పైచూరు చూడటానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు
☐ జారని చెప్పులు లేదా బూట్లు: మెట్లు దాదాపు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి
☐ నోట్‌బుక్, పెన్సిల్
☐ గుర్తింపు కార్డు, టికెట్లు, నేపాలీ చిల్లర
☐ నీళ్లు

వీపు మీద పెద్ద బ్యాగు వద్దు. తలుపులు చాలా పొట్టివి, గదులు ఇరుకు. బ్యాగు ఎక్కడ తగులుతుందో చూసుకోవడంలోనే సగం ధ్యాస పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మీతో ఉంటే వాళ్లను మఠం లోపలి ముంగిట్లో కూర్చోబెట్టండి, బాధేం లేదు, మంచి చెక్కడాలు ఎక్కువగా ఉన్నది అక్కడే.

3. ముందురోజు రాత్రి అరగంట: ఆరు మాటలు

ఈ అడుగు దాటేస్తే మిగతావన్నీ వృథా. నేవారు ఖాట్మండు లోయ పాత నివాసులు. వాళ్ల భాష నేపాలీ కాదు, నేపాల్ భాష. ఇంటిభాగాలకు వాళ్లకు సొంత పేర్లున్నాయి. ఈ ఆరు తెలిస్తే మ్యూజియంలో కనిపించే వాటిలో ఎక్కువ భాగాన్ని మీరే గుర్తుపట్టగలరు.

తునాలా: చూరుని కింది నుంచి ఏటవాలుగా మోసే కర్ర. గోడలోంచి బయలుదేరి పైకప్పు అంచు దాకా వాలుగా వెళ్తుంది. నేపాలీలో తుండాల్ అంటారు. గుడిది అయితే దీనిమీద దేవత నిలబడి ఉంటుంది.

కుంసల: మూలల్లో వచ్చే తునాలా. దీనిమీద దేవత బదులు రెక్కలు, కొమ్ములు ఉన్న సింహంలాంటి జంతువు ఉంటుంది. మన గుళ్లలో స్తంభాల మీద కనిపించే యాళికి దగ్గరి చుట్టం అనుకోండి.

తోరణం: ఇది మనకు కొత్త కాదు, మకరతోరణమే. తలుపుపైన అర్ధచంద్రాకారంలో, కొద్దిగా ముందుకు వాలి ఉంటుంది. రెండు కొసల్లో మకరాలు, పైన నడుమ పాముల్ని పట్టుకున్న గరుడుడో, కీర్తిముఖంలాంటి ఛేప్పువో.

ఝ్యా: కిటికీ.

టికీఝ్యా: జాలీ కిటికీ. లోపలున్నవాళ్లకు వీధి కనబడుతుంది, వీధిలో వాళ్లకు లోపల కనబడదు.

సంఝ్యా: పై అంతస్తులో బయటికి పొడుచుకొచ్చి, పైభాగం వీధివైపు వాలి ఉండే పెద్ద కిటికీ. ఇంట్లో అందరూ కూర్చునే గదికి ఇదే ముఖం.

నేవారు ఇంట్లో అంతస్తు అంతస్తుకీ పని వేరు. కింద కొట్టో సామాన్ల గదో, దానిపైన పడకలు, ఆపైన కూర్చునే చోటు, అన్నిటికంటే పైన, కప్పు కింద వంటిల్లు, పూజ. అందుకే కిటికీలు కూడా ఒకేలా ఉండవు. కింద చిన్నవి, మధ్యలో జాలీ, ఆపైన పెద్దవి. గదిలో ఒక కిటికీ ఒంటరిగా కనిపించినప్పుడు "ఇది ఏ అంతస్తుది?" అని అడుక్కుంటే చాలు, సగం అర్థమైనట్టే.

4. చేరగానే లోపలికి వెళ్లొద్దు

ఖాట్మండు నుంచి భక్తపూర్ సుమారు 13 కిలోమీటర్లు. టాక్సీలో వస్తుంటే దర్బార్ స్క్వేర్ వైపు కాకుండా కమల్ వినాయక్ వైపు దింపమని అడగండి. అక్కడి నుంచి దత్తాత్రేయ చౌరస్తా దగ్గర. కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే మ్యూజియం చూసేసి, తరువాత పడమరగా నడుచుకుంటూ దర్బార్ స్క్వేర్‌కి వెళ్లొచ్చు. అందరూ దీనికి తిరగేసి చేస్తారు, మ్యూజియానికి చేరేసరికి నీరసం వచ్చేసి ఉంటుంది.

చౌరస్తాలో ముందుగా పావుగంట నిలబడండి. దత్తాత్రేయ గుడి పదిహేనో శతాబ్దిది, యక్ష మల్ల రాజు కాలం నాటిది. ఒకే చెట్టు కలపతో కట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. నమ్మినా నమ్మకపోయినా గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, ఈసారి దేవుడి కోసం కాకుండా చూరు కోసం. ఎక్కడ తునాలాలు ఉన్నాయి, మూలల్లో ఏమున్నాయి, చూరు ఎంత ముందుకు వచ్చింది, గోడ ఇటుకలోకి కిటికీ చట్రం ఎంత చొచ్చుకుపోయింది. మనిళ్లలో ద్వారబంధం తలుపు వెడల్పు దగ్గరే ఆగిపోతుంది కదా, ఇక్కడ పైదిమ్మె, కింది గడప రెండూ పక్కకి రెక్కల్లా చాచుకుని ఇటుకగోడను పట్టుకుంటాయి. ఇది ఇప్పుడు చూసి పెట్టుకోకపోతే లోపల విడిగా పెట్టిన చట్రం ముక్కలు దేనివో అర్థం కావు.

5. నెమలి కిటికీ: మఠం పక్క సందులో

పూజారి మఠానికి తూర్పు పక్కన ఇరుకు సందు ఉంది. ఆ గోడకే ప్రసిద్ధమైన నెమలి కిటికీ ఉంటుంది. దీనికి టికెట్ లేదు. దీన్ని వెతుక్కుంటూ మ్యూజియమంతా తిరిగి "ఎక్కడా కనబడలేదే" అని బయటికొచ్చేవాళ్లు బోలెడుమంది, ఎందుకంటే అది లోపల లేదు.

చూసే పద్ధతి: ముందు ఎదుటి గోడకు ఆనుకుని మొత్తం చూడండి. మధ్యలో పురివిప్పిన నెమలి, ఆ ఈకలే జాలీ. అంటే వెలుతురు, గాలి వచ్చే సందులన్నీ ఈకల మధ్య ఖాళీలే. తర్వాత చుట్టూ ఉన్న చట్రంలోని చిన్న పక్షుల దగ్గరికి రండి, నిజానికి నెమలి కంటే వాటిలోనే పనితనం ఎక్కువుందని నా అభిప్రాయం. సందు ఇరుకు కాబట్టి ఎండ నేరుగా పడేది కొద్దిసేపే. నేరుగా పడ్డప్పుడు ఫొటో చదునుగా వస్తుంది, పక్కవాటు వెలుతురులో లోతు తెలుస్తుంది.

సందులో కొట్లవాళ్లు చిన్నసైజు నెమలి కిటికీలు అమ్ముతారు. ఇప్పుడే కొనకండి. 10వ అడుగు దాకా ఆగండి.

6. లోపల: ముందు ముంగిలి, చివర గదులు

టికెట్ చూపించి లోపలికి వెళ్లగానే ఎవరైనా మెట్లు చూపిస్తే "కాసేపాగి వస్తాం" అనండి. ముంగిట్లో నిలబడి నాలుగు గోడలూ ఒక్కొక్కటిగా చూడాలి. చుట్టూ చెక్కిన స్తంభాలు, వాటిపైన దిమ్మెలు, ఆపైన కిటికీలు. గదుల్లో ఉన్నవన్నీ వేరే చోట్ల నుంచి ఊడదీసి తెచ్చినవి, ఇక్కడివి మాత్రం వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. బరువు మోస్తున్నాయి, వెలుతురు ఇస్తున్నాయి.

మఠాన్ని 1763లో తిరిగి కట్టారు, మళ్లీ 1970ల మొదట్లో జర్మనీ సాయంతో బాగుచేశారు. అప్పటి యువరాజు వీరేంద్ర పెళ్లికి ఆ దేశం ఇచ్చిన కానుక అది. కాబట్టి పాతముక్కల మధ్య కొత్తముక్కలు ఉంటాయి. గుర్తుపట్టడం ఒక ఆట: ఎండావానకు నానిన పాత చెక్కలో మెత్తని పొర అరిగి రేఖలు పైకి తేలతాయి, అంచులు గుండ్రబడతాయి. కొత్తదాంట్లో ఉలి అంచు పదునుగానే ఉంటుంది.

ముంగిట్లో చూడాల్సినవి:
☐ ఒక స్తంభాన్ని అడుగు నుంచి పైదాకా, పూర్తిగా
☐ ఏ కిటికీ ఏ అంతస్తులో ఉంది, ఎందుకు
☐ పూర్ణకుంభం ఎక్కడెక్కడ చెక్కారు
☐ కొత్తముక్క ఒకటి, పాతముక్క ఒకటి
☐ ఇటుక, చెక్క కలిసే గీత

ఇదంతా అయ్యాక మెట్లెక్కండి. తల వంచి వెళ్లండి, ప్రతి తలుపు దగ్గరా.

7. తునాలాని కింది నుంచి పైకి చదవడం

గదుల్లో అన్నిటినీ చూడాలనే ఆశ పెట్టుకోకండి. మూడు తునాలాలు ఎంచుకోండి, ఒక్కోదానికి అయిదు నిమిషాలు ఇవ్వండి. మామూలుగా మనం నేరుగా ముఖం చూసి, "ఎవరో దేవత" అనుకుని ముందుకు వెళ్లిపోతాం. తిరగేయండి.

మొదట అడుగుభాగం. ఇక్కడ రాళ్లగుట్టో, చిన్న మనుషులో, ఏదో కథా సన్నివేశమో ఉంటుంది. కొన్నిటిమీద శృంగార దృశ్యాలు కూడా. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇబ్బంది పడతారేమో కానీ అవి చాలా చిన్నవి, గుడి మీద ఎత్తులో ఉంటాయి, మీరు చూపిస్తే తప్ప పిల్లలు గమనించరు. పిడుగుల దేవత కన్య అనీ సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోతుందనీ గైడ్లు చెప్పే కథ ఎలాగూ వింటారు.

తర్వాత కాళ్లు. కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని, చెట్టుకొమ్మ పట్టుకుని, సన్నగా, నెమ్మదిగా నిలబడ్డ స్త్రీ అయితే అది పాత పద్ధతి, మన సాలభంజికలాగే. కాళ్లకింద వాహనం ఉండి, చాలా చేతులు, ఒక్కో చేతిలో ఒక్కో ఆయుధం ఉంటే అది తరువాతి కాలపు పద్ధతి అయ్యే అవకాశం ఎక్కువ. ఇది కచ్చితమైన తూకం కాదు, మొదటి అంచనాకి పనికొస్తుంది.

అప్పుడు చేతులు. ఎన్ని, దేంట్లో ఏముంది. తెలుగువాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: శంఖం, చక్రం, త్రిశూలం, డమరుకం ఎవరూ చెప్పక్కర్లేదు. బౌద్ధ విహారాల నుంచి వచ్చినవాటి దగ్గర మాత్రం తడబడతాం. వజ్రం (రత్నం కాదు, వజ్రాయుధం), గంట కనిపిస్తే అది బౌద్ధ దేవత అయ్యుండొచ్చని రాసిపెట్టుకోండి.

ముఖం తర్వాత చూడండి. చివరికి పైన ఆకులు. తునాలా పైకొస చూరుకి తగిలే చోట కుసి (ఇంకో ముక్క రంధ్రంలో దూరే కొస) ఉందేమో వెతకండి.

8. అతుకులు చూడటం

నేవారు చెక్కపనిలో నా దృష్టిలో అసలైన గొప్ప ఇక్కడుంది, చూసేవాళ్లు తక్కువ. ఈ కిటికీల్లో ఇనుప మేకులు లేవు, జిగురు లేదు. ఒక ముక్క కుసి రెండోదాని రంధ్రంలో కూర్చుంటుంది, అవసరమైతే చెక్క మేకు దిగ్గొడతారు. జాలీ అయితే మరీ విచిత్రం. పెద్దపలకకు చిల్లులు పెట్టి చేసింది కాదు అది. వందలకొద్దీ చిన్న చిన్న పుల్లలకు గాట్లు పెట్టి, ఒకదాంట్లో ఒకటి ఇరికించినది. ఒక్క పుల్ల గాటు తప్పితే వరుసంతా ఆగిపోతుంది.

దగ్గరగా చూడటానికి: టార్చిని నేరుగా కొట్టకుండా పక్కనుంచి, చెక్కకు దాదాపు సమాంతరంగా పట్టుకోండి. గాట్లు, ఉలిగుర్తులు, అతుకుగీతలు నీడలతో తేలతాయి. ముందు గార్డుని అడిగి వెలిగించండి. వెనకవైపు చూడగలిగే ముక్క ఏదైనా ఉంటే తప్పకుండా చూడండి, వెనకభాగం చెక్కకుండా బాడిశ దెబ్బలతో అలాగే వదిలేసి ఉంటుంది.

కలప విషయం ఒక్క మాటలో: బరువు మోసే, వానకు తడిసే భాగాలకు ఎక్కువగా సాల కలప, అంటే మన గుగ్గిలం చెట్టు. బరువుగా, గట్టిగా ఉంటుంది, త్వరగా చెడదు. ఇవాళ్టి పనివాళ్లు సిస్సూ అనే కలప కూడా వాడతారు.

చేత్తో తాకొద్దు. వేళ్ల చెమట, నూనె పాత చెక్కకు మంచిది కాదు, పైగా వందమంది తాకితే ముక్కు అరిగిపోతుంది.

9. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి మందు

దర్బార్ స్క్వేర్ ముందు, మ్యూజియం చివర పెట్టుకోవడం. మందు: 4వ అడుగు మళ్లీ చదవండి.

అన్నిటికీ ఫ్లాష్ కొట్టడం. చాలాచోట్ల అనుమతించరు, అనుమతించినా ఫొటో చదునుగా వస్తుంది. ఫోన్‌ని గోడకో స్తంభానికో ఆనించి, కదలకుండా తీయండి. ముందు "ఫొటో ఖిచ్న మిల్ఛ?" అని అడిగితే గార్డు ముఖం కూడా మెత్తబడుతుంది.

ఒకే ముక్కకు ఒకే ఫొటో తీసి ఇంటికొచ్చాక ఏది దేనిదో తెలియక తలపట్టుకోవడం. ప్రతిదానికీ మూడు తీయండి: పక్కనున్న చీటీ, మొత్తం, ఒక అతుకు.

ఎవరిదో గైడ్ మాట నమ్మి ప్రతిదానికీ "అయిదువందల ఏళ్లు" అని రాసుకోవడం. చీటీ మీద శతాబ్దం ఉంటే అది రాసుకోండి, లేకపోతే ఖాళీ వదిలేయండి.

మ్యూజియం చూశాక అలసిపోయామని ఎదురుగా ఉన్న ఇత్తడి మ్యూజియం వదిలేయడం. ఇది తప్పు కాదు. వదిలేయొచ్చు. కానీ అదీ ఒక మఠమే, లోపలి సామాన్ల కంటే కట్టడం కోసం అయినా పది నిమిషాలు వెళ్లి రావచ్చు.

తర్వాత దారిలో మట్టిపాత్రలో జూజూ ధౌ తినండి, భక్తపూర్ పెరుగు. తీపిగా, గట్టిగా ఉంటుంది. కాళ్లకి కూడా విరామం. అక్కడినుంచి పడమరగా ఇటుకల వీధిలో నడిస్తే తౌమఢి చౌరస్తా వస్తుంది. 1702లో భూపతీంద్ర మల్ల కట్టించిన అయిదంతస్తుల న్యాతపోల గుడి అక్కడే. మెట్లెక్కి ఫొటో దిగి దిగిపోకండి, బైనాక్యులర్ తీసి అయిదు చూరుల కింద తునాలాలు చూడండి. మ్యూజియంలో కంటి ఎదురుగా నిలబడ్డవి ఇక్కడ ఆకాశంలో, వరుసగా, రంగులతో ఉంటాయి. ఆ తర్వాత దర్బార్ స్క్వేర్‌లో 55 కిటికీల రాజభవనం. మరోరోజు వీలుంటే ఖాట్మండు పక్కనే ఉన్న పాటన్‌లో పాత రాజభవనంలోని మ్యూజియానికి వెళ్లండి. అది ఎక్కువగా లోహ విగ్రహాలది కానీ వెలుతురు, వివరణలు లోయలోకల్లా మేలు.

10. కొనాలనుకుంటే

దత్తాత్రేయ చౌరస్తా చుట్టూ చెక్కేవాళ్ల పనికొట్లు ఉన్నాయి. అరగంట కూర్చుని చూడనిస్తారు, కొనకపోయినా. చాలామంది ఇంటిపేరు శిల్పకార్, పని తరతరాలుగా వస్తున్నదే. వాళ్లని "దాయి" అని పిలవండి, అన్నా అన్నట్టు, ఆడవాళ్లైతే "దీదీ".

కొనేముందు చూసుకోవాల్సినవి:
☐ వెనక్కి తిప్పండి. ఒకే ముక్కలోంచి చెక్కిందా, అతికించిందా
☐ జాలీ అయితే విడి పుల్లలా, పలకకు కోసిన చిల్లులా. ధరలో తేడా అక్కడే
☐ సందుల్లో రంపం లేదా మెషిన్ గుర్తులు ఉన్నాయేమో
☐ "ఇది పాతది" అన్నారంటే జాగ్రత్త. ముదురురంగు పూసి పాతగా చూపించడం తేలిక
☐ చెక్క ఎండిందా. పచ్చిచెక్క మన ఊరి ఎండకి చీలుతుంది, కోస్తాలో అయితే వానాకాలం ఉబ్బుతుంది

నిజంగా పాతదైతే అసలు కొనకండి. వందేళ్లు దాటిన వస్తువుల్ని నేపాల్ నుంచి బయటికి తీసుకెళ్లడం నేరం. పాతవాటిలా కనిపించే కొత్తవాటికి కూడా పురావస్తు శాఖ నుంచి ఇది పురాతన వస్తువు కాదనే ధ్రువపత్రం కావాలి, కొట్టువాళ్లనే తెప్పించి ఇమ్మనండి. ఇదేదో కాగితాల గోల అనుకోవద్దు. లోయలోని గుళ్ల నుంచి తునాలాలు, తోరణాల ముక్కలు దశాబ్దాలుగా మాయమయ్యాయి. 2022లో న్యూయార్క్‌లోని రూబిన్ మ్యూజియం రెండు చెక్కడాలు నేపాల్‌కి తిరిగిచ్చింది. ఒకటి పాటన్‌లోని యంపి మహావిహారం అనే బౌద్ధ విహారపు తోరణం పైముక్క, రెండోది ఖాట్మండులోని ఇటుంబహాల్ విహారం నుంచి పోయిన, పూలదండ పట్టుకున్న అప్సరస.

ఇక ప్యాకింగ్. జాలీ కిటికీ అయితే ముందు, వెనక రెండువైపులా అట్ట పెట్టి కట్టించండి, మధ్యలో మెత్తని బట్ట. రసీదు, ధ్రువపత్రం చెక్-ఇన్ బ్యాగులో కాదు, చేతిబ్యాగులో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో అడిగేసరికి అవి పెట్టెలోపల ఉంటే పెట్టె మొత్తం మళ్లీ విప్పాలి.